సీసీ ఫుటేజీ చూసేటప్పుడు కన్ను ఎటు పోతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

కెమెరాలు కొనడం గురించి సలహాలు ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. ఎన్ని మెగాపిక్సెళ్లు, ఎంత హార్డ్ డిస్క్, ఏ కంపెనీ అన్నీ చెబుతారు. రికార్డయిన దాని ముందు కూర్చుని చూసే మనిషి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఈ పేజీ ఆ మనిషి కోసం. అపార్ట్‌మెంట్ కమిటీల వాళ్లు, షాపుల వాళ్లు, కంట్రోల్ రూముల్లో షిఫ్టు చేసేవాళ్లు పదే పదే అడిగేవే ఇక్కడ ఉన్నాయి.

మా అపార్ట్‌మెంట్‌లో బండి పోయింది. నలుగురం కూర్చుని రాత్రి రికార్డింగ్ అంతా చూశాం, ఏమీ దొరకలేదు. మర్నాడు మా బావమరిది వచ్చి పది నిమిషాల్లో చూపించాడు. మేం నలుగురం గుడ్డివాళ్లమా?

మీ కళ్లకేం కాలేదు, మీరు చూసిన తీరే అలాంటిది. మామూలుగా ఏం జరుగుతుందంటే, వాచ్‌మన్ గదిలో చిన్న మానిటర్ ఉంటుంది, దాని మీద పదహారు గళ్లు. మౌస్ ఒకరి చేతిలో, ముగ్గురు వెనక నిలబడి. ఎనిమిది రెట్ల స్పీడు. ఎవరో గేటు దాటగానే "ఆపు ఆపు, వెనక్కి పోనీ" అంటారు. తీరా చూస్తే పాలు వేసే అబ్బాయి. "సరే, కానీయ్." గంట గడిచేసరికి అందరికీ నీరసం, మాటలు లిఫ్టు మెయింటెనెన్స్ మీదికి మళ్లుతాయి. బండి తీసుకుపోయేవాడు సరిగ్గా అప్పుడే, ఎడమ చేతి మూల గడిలో, ఇంజన్ స్టార్ట్ చేయకుండా తోసుకుంటూ పోతాడు.

కంటిలో వివరంగా చూడగలిగే భాగం చాలా చిన్నది. చేయి ముందుకు చాచి బొటనవేలు నిలబెడితే, ఆ గోరు ఎంత ఉంటుందో దాదాపు అంత. తెరకు రెండు అడుగుల దూరంలో కూర్చుంటే అది మానిటర్ మీద సుమారు రెండు సెంటీమీటర్ల ముక్క. మిగతా తెరంతా మసకగానే కనపడుతుంది, అంతా స్పష్టంగా చూస్తున్నామన్న నమ్మకం మాత్రం మనకు ఉంటుంది. చూపు సెకనుకు మూడు నాలుగు సార్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకుతుంది. ఎక్కడ వాలితే అక్కడిదే వివరంగా అందుతుంది.

నలుగురు చూస్తే నాలుగు రెట్లు చూసినట్టు అనుకోకండి. కదిలే దృశ్యాలు చూసేటప్పుడు వేర్వేరు మనుషుల చూపులు కూడా ఒకే చోట గుమిగూడతాయని, అది ఎక్కడన్నది చాలావరకు కదలికను బట్టే ఉంటుందని 2011లో వచ్చిన ప్రయోగాలు చూపించాయి. అంటే గేటు దగ్గర కుక్క పరిగెత్తితే నాలుగు జతల కళ్లూ కుక్క మీదే.

మీ బావమరిది "దొంగ ఎవరు" అని చూసి ఉండడు. "బండి అక్కడ ఉందా, లేదా" అని చూసి ఉంటాడు. పార్కింగ్ గడి ఒక్కటే పెద్దది చేసుకుని, బండి ఉన్న చోటు తప్ప ఇంకేదీ పట్టించుకుని ఉండడు. ఫుటేజీ చూడడంలో నాకు తెలిసిన పనికొచ్చే పద్ధతులన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి: ప్లే నొక్కే ముందే ప్రశ్న ఏమిటో తేల్చుకోవాలి, ఆ ప్రశ్న ఒక్కటే ఉండాలి.

కళ్లెదుట ఉన్నది కనపడకపోవడం ఏమిటండీ, విడ్డూరం కాకపోతే?

డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ 1999లో ప్రచురించిన ప్రయోగం చాలామంది వినే ఉంటారు. తెల్ల చొక్కాల జట్టు బంతిని ఎన్నిసార్లు అందించుకుందో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి నడుచుకుంటూ వచ్చి, గుండెలు బాదుకుని వెళ్లిపోతుంది. చూసినవాళ్లలో దాదాపు సగం మందికి ఆమె కనపడనే లేదు.

అది ఆటలాంటి పని కాబట్టి అలా జరిగింది అనేవాళ్లకు 2013 నాటి ప్రయోగం చెబుతాను. ఊపిరితిత్తుల స్కాన్లలో కణితులు వెతకమని 24 మంది రేడియాలజిస్టులకు ఇచ్చారు. రోజూ వాళ్లు చేసే పనే. చివరి స్కాన్‌లో కణితి కంటే చాలా పెద్ద గొరిల్లా బొమ్మ అతికించారు. 24 మందిలో 20 మంది దాన్ని చూడలేదు. చూపు ఎక్కడ పడిందో పరికరంతో రికార్డు చేశారు కాబట్టి ఇంకో సంగతి తెలిసింది: చూడలేదన్న వాళ్లలో ఎక్కువమంది చూపు నేరుగా ఆ గొరిల్లా మీద వాలింది.

చూపు పడడం వేరు, మనసుకు అందడం వేరు. కంట్రోల్ రూమ్‌లో "నువ్వు తెర వైపే చూస్తున్నావుగా, ఎలా వదిలేశావ్?" అని ఆపరేటర్‌ను నిలదీసే సూపర్‌వైజర్లు ఈ ఒక్క ప్రయోగం గుర్తుపెట్టుకుంటే చాలు.

ఏమీ వెతకకుండా ఊరికే చూస్తే కన్ను మొదట ఎక్కడికి వెళ్తుంది?

కదిలేదాని మీదికి, మనిషి మొహం మీదికి, తెర మధ్యకు. ఈ మూడే ఎక్కువ.

మధ్యకు వెళ్లడంలో ఓ చిక్కుంది. సినిమాలో, టీవీలో కెమెరామన్ ముఖ్యమైనదాన్ని తెచ్చి మన చూపు పడేచోట పెడతాడు. సీసీ కెమెరాకు ఆ మర్యాద లేదు. గోడ మూల బిగించిన దాన్ని ఎటు తిప్పారో అటే చూస్తుంది, ముఖ్యమైనది ఫ్రేములో ఏ మూలైనా జరగొచ్చు. మనమేమో జీవితమంతా సినిమాలు చూసిన అలవాటుతో మధ్యలోనే కూర్చుంటాం.

రాత్రి పూట ఇంకో తలనొప్పి. ఇన్‌ఫ్రారెడ్ దీపాల వెచ్చదనానికి సాలీడు కెమెరా ముందే గూడు కడుతుంది. తెల్లటి దారాలు గాలికి ఊగుతుంటాయి, పురుగులు మెరుస్తూ ఎగురుతుంటాయి. తెర మీద అన్నిటికంటే పెద్ద కదలిక అదే కాబట్టి కన్ను అక్కడే తిరుగుతుంది. మోషన్ రికార్డింగ్ (కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యే ఏర్పాటు) పెట్టుకున్నవాళ్లకైతే రాత్రంతా సాలీడు సినిమానే. వారానికోసారి చీపురు పుల్లతో ఆ గూడు తీసేయండి, చూసేవాడికి సగం శ్రమ తగ్గుతుంది.

ఊరికే చూసే కన్నుకు పని చెబితే దారి పూర్తిగా మారిపోతుంది. రష్యన్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ యార్బస్ 1960ల్లోనే దీన్ని రికార్డు చేసి చూపించాడు. రేపిన్ గీసిన ఒక వర్ణచిత్రాన్ని ఒకే మనిషికి ఇచ్చి, ఒకసారి ఊరికే చూడమన్నాడు, ఇంకోసారి ఇందులో మనుషుల వయసులు చెప్పమన్నాడు, మరోసారి ఈ కుటుంబం ఆర్థిక పరిస్థితి ఏమిటో చెప్పమన్నాడు. బొమ్మ అదే, కన్ను అదే. వయసులు అడిగితే మొహాల మీద, స్థితిగతులు అడిగితే బట్టల మీద, సామాన్ల మీద చూపు తిరిగింది.

ఆపరేటర్ ఎంతసేపు ఏకాగ్రతతో చూడగలడు? 22 నిమిషాల తర్వాత 95 శాతం వదిలేస్తాడని మాకు కెమెరాలు అమ్మినాయన చెప్పాడు.

ఆ 95 శాతం అంకె సెక్యూరిటీ సరుకు అమ్మేవాళ్ల బ్రోచర్లలో బాగా తిరుగుతుంది. సాఫ్ట్‌వేర్ అంటగట్టడానికి బాగా పనికొస్తుంది. నేనైతే దాన్ని పట్టించుకోను. నిజంగా కొలిచిన ప్రయోగాల్లో తగ్గుదల ఉంది గానీ అంత నాటకీయంగా లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళం వాళ్లకు ఇదే ప్రశ్న ఎదురైంది. జలాంతర్గాముల కోసం రాడార్ తెర చూసే కుర్రాళ్లు గంటలు గడిచేకొద్దీ ఎందుకు వదిలేస్తున్నారు? నార్మన్ మాక్‌వర్త్ ఒక గడియారం తయారుచేశాడు. అంకెలు లేవు, ఒక్క ముల్లు సెకనుకోసారి చిన్న గెంతు వేస్తుంది. ఎప్పుడో ఒకసారి రెట్టింపు గెంతు. అది కనపడగానే మీట నొక్కాలి. రెండు గంటలపాటు అదే పని. మొదటి అరగంట దాటగానే పట్టుకోవడం 10 నుంచి 15 శాతం మేర తగ్గింది, తర్వాత నెమ్మదిగా తగ్గుతూ పోయింది. అరగంట చూసి అరగంట విడిచిపెట్టినవాళ్లలో మాత్రం ఆ పతనం కనపడలేదు. ఈ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. మన దగ్గర ఇప్పటికీ చాలాచోట్ల పన్నెండు గంటల షిఫ్టు, మధ్యలో టీకి లేస్తే గొణుగుడు.

అలసటను మించిన కారణం ఇంకొకటి ఉంది. వెతికేది చాలా అరుదుగా వస్తే మనిషి దాన్ని చూడడం మానేస్తాడు. జెరెమీ వుల్ఫ్ బృందం 2005లో బ్యాగుల తనిఖీ లాంటి పని పెట్టింది. సగం చిత్రాల్లో దొరకాల్సిన వస్తువు ఉన్నప్పుడు 7 శాతం మాత్రమే తప్పిపోయాయి. నూటికి ఒక్కదానిలోనే ఉన్నప్పుడు 30 శాతం తప్పిపోయాయి. వస్తువు అదే, మనుషుల సామర్థ్యమూ అదే. "ఏముంటుందిలే" అన్న అంచనా ముందే స్థిరపడిపోతుంది, చేయి త్వరగా తర్వాతి చిత్రానికి వెళ్లిపోతుంది. మన అపార్ట్‌మెంట్ కెమెరాలో ఏడాదికి ఒక దొంగతనం జరిగితే గొప్ప. ఇక ఆపరేటర్‌కు ఏం మిగిలి ఉంటుందో మీరే ఊహించండి.

ఒక మనిషికి ఎన్ని తెరలు ఇవ్వొచ్చు?

టిక్నర్, పౌల్టన్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు 1973లోనే 16 టీవీ చిత్రాల దాకా ఒకే మనిషికి ఇచ్చి పరీక్షించారు. చిత్రాల సంఖ్య, వాటిలో కదలిక పెరిగేకొద్దీ తప్పిపోయేవి పెరిగాయి. ఒకేసారి కదిలే వస్తువుల్లో మనిషి వెంటపడగలిగేవి నాలుగైదే అని 1988లో పిలిషిన్, స్టోర్మ్ చూపించారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే పదహారు గళ్ల తెర చూసి "అన్నీ చూస్తున్నా" అనడం ఎంత నిజమో తెలుస్తుంది.

అయితే పాతకాపులు తెరల గోడ మొత్తాన్ని చూస్తూ కూర్చోరు. బ్రిటన్‌లో ఇద్దరు ఆపరేటర్లను ఉదయం, మధ్యాహ్నం, రాత్రి షిఫ్టుల్లో చూపు రికార్డు చేస్తూ గమనించిన అధ్యయనం 2013లో వచ్చింది. ఇద్దరే కాబట్టి దాని మీద కోటలు కట్టలేం. అయినా చాలా ఉపయోగపడే గమనిక: చిన్న చిన్న గళ్లతో నిండిన పెద్ద గోడ వైపు వాళ్లు చూసింది చాలా తక్కువ. ఎక్కువ సమయం ముందున్న ఒక్క తెర మీదే గడిపారు, ఏ కెమెరాను దాని మీదికి తెచ్చుకోవాలో తమ అనుభవంతో ఎంచుకుంటూ. బార్లు మూసే వేళకు ఏ వీధి, స్కూలు వదిలే వేళకు ఏ వీధి అన్నది వాళ్ల బుర్రలో ఉంది.

హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టు 4న ప్రారంభించిన పోలీస్ కమాండ్ కంట్రోల్ సెంటర్ ఫొటోల్లో అందరూ ఆ పెద్ద వీడియో వాల్ చూసి ముచ్చటపడతారు. వీఐపీలకు చూపించడానికి గోడ బాగుంటుంది. పని జరిగేది కుర్చీ ముందున్న తెర మీద. ఊరు తెలిసిన మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టడానికి ఖర్చుపెడితే గోడకు పెట్టిన ఖర్చు కంటే ఎక్కువ ఫలితం వస్తుందని నా అభిప్రాయం.

అనుభవం ఉన్న ఆపరేటర్ నిజంగా మనకంటే బాగా చూస్తాడా?

కొంతవరకు. నిజమైన వీధి ఫుటేజీని శిక్షణ పొందిన ఆపరేటర్లకు, మామూలు మనుషులకు చూపించి, అనుమానం ఎంత అనిపిస్తే అంత జాయ్‌స్టిక్ తొయ్యమన్నారు. చూపు కూడా రికార్డు చేశారు. 2013లో వచ్చిన ఈ అధ్యయనంలో ఆపరేటర్ల చూపులు ఒకరితో ఒకరికి బాగా కలిశాయి, అనుమానం విషయంలో వాళ్ల అంచనాలూ కలిశాయి. మామూలు వాళ్లవి చెల్లాచెదురు. ఇంకో ముచ్చట ఏమిటంటే, అందరి చూపూ ఒక చోట కలిసిన కొన్ని వందల మిల్లీసెకన్ల తర్వాత జాయ్‌స్టిక్ కదిలేది. అంటే చేయి చెప్పేలోపే కన్ను చెప్పేసింది.

మరోపక్క 2004లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ పరిశోధకుల ప్రయోగం ఒకటి ఉంది. గొడవ మొదలవ్వడానికి ముందు దాకా ఉన్న చిన్న క్లిప్పులు చూపించి, "ఇప్పుడేం జరగబోతోంది?" అని అడిగారు. గుడ్డిగా ఊహించినదానికంటే బాగానే చెప్పగలిగారు, అయితే అనుభవజ్ఞులు కొత్తవాళ్లను మించిపోలేదు. మనుషుల మధ్య గొడవ రాజుకోవడం మనందరికీ చిన్నప్పటి నుంచి తెలిసిన విద్యే కదా.

"అనుమానాస్పదంగా తిరుగుతున్నాడు" అని ఏం చూసి అంటారు?

ఈ ప్రశ్న ఎక్కువమంది అడగరు. అడగాలి.

1990ల్లో బ్రిటన్‌లో క్లైవ్ నోరిస్, గ్యారీ ఆర్మ్‌స్ట్రాంగ్ మూడు కంట్రోల్ రూముల్లో కూర్చుని ఆపరేటర్లు ఎవరి వెంట కెమెరా తిప్పుతున్నారో రాసుకున్నారు. 592 గంటలు. వెంటపడినవాళ్లలో పదికి తొమ్మిది మంది మగవాళ్లు. కుర్రాళ్లు, నల్లజాతి వాళ్లు జనాభాలో తమ వాటాకు మించి ఉన్నారు. చాలామంది వెంట తిరగడానికి వాళ్లు చేసిన పని ఏదీ కారణం కాదు, వాళ్లు కనపడిన తీరే కారణం. మన దగ్గర బట్టలు చూసి, గడ్డం చూసి, టోపీ చూసి, భుజాన గోనెసంచి చూసి కెమెరా వెంట తిరిగితే అదీ అంతే. కన్ను అటు పోయినంతసేపు మిగతా వీధి ఖాళీ. నీట్‌గా ఇన్‌షర్ట్ వేసుకుని లాప్‌టాప్ బ్యాగ్‌తో వచ్చినవాడు పనికానిచ్చుకుని పోతాడు.

మనిషిని వదిలి ప్రవర్తన చూడడం ఎలా ఉంటుందో 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ పేలుళ్ల దర్యాప్తు చెబుతుంది. రెస్టారెంట్ ముందు జనం. మొదటి బాంబు పేలగానే ఆ ఫ్రేములో దాదాపు అందరి తలలూ పేలుడు వైపు తిరిగాయి. ఒక్కడు మాత్రం ప్రశాంతంగా ఉన్నాడని, పేలుడు వైపు ఒకసారి చూసి వడివడిగా దానికి ఎదురు దిక్కుగా, తన బ్యాగ్ అక్కడే వదిలేసి నడిచాడని దర్యాప్తు అధికారి కోర్టుకిచ్చిన అఫిడవిట్‌లో ఉంది. వెతకాల్సింది బట్టల్లో కాదు, అందరూ ఒకటి చేస్తుంటే చేయనివాడిలో.

అదే వారంలో ఇంటర్నెట్‌లో జనం కూడా జాగ్రత్తగా ఫొటోలు జల్లెడ పట్టి, బ్యాగులున్న అమాయకులను నేరస్థులుగా ప్రకటించేశారు.

మరి ముందే చూసి ఆపొచ్చు కదా, ఫుటేజీలో అంత స్పష్టంగా కనపడుతుంటే?

జరిగింది తెలిశాక కనపడే స్పష్టత అది. 1993 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని బూటిల్ షాపింగ్ సెంటర్ కెమెరాలో ఇద్దరు పిల్లలు రెండేళ్ల పసివాడి చేయి పట్టుకుని నడిపించుకుపోవడం రికార్డయింది. తర్వాత ఆ ఇద్దరే పసివాణ్ణి చంపేశారని తెలిసినవాళ్లు ఆ బొమ్మ చూసి వణికిపోయారు. ఆ క్షణంలో చూసినవాళ్లకు అన్నలు తమ్ముణ్ణి తీసుకెళ్తున్నట్టే ఉంటుంది. ఆ మసక బొమ్మ చూసి ఇద్దరికీ 13, 14 ఏళ్లు ఉంటాయనుకున్నారు. వాళ్లకు పదేళ్లు.

స్పీడు పెంచి చూడొచ్చా?

లెక్క వేసుకోండి. మనిషి మీ గేటు ముందు మూడు సెకన్లలో దాటిపోతాడు. ఎనిమిది రెట్ల స్పీడులో అది అర సెకను కూడా ఉండదు. చూపు సెకనుకు మూడు నాలుగు సార్లే వాలుతుంది కాబట్టి, మీకు అందేది ఒక్క చూపు, అదీ సరిగ్గా ఆ గడిలో ఉంటే. 16 రెట్లు దాటితే చాలా డీవీఆర్‌లు (ఫుటేజీ రికార్డు చేసే పెట్టెలు) అన్ని ఫ్రేములూ చూపించవు, మధ్యలోవి వదిలేసి పోతాయి. అప్పుడు మీరు కన్ను ఆర్పకపోయినా లాభం లేదు.

వస్తువు పోయినప్పుడు అసలు వరసగా చూడక్కర్లేదు. రాత్రి 10కి బండి ఉంది, ఉదయం 6కి లేదు. ముందు అర్ధరాత్రి దాటి 2 గంటలకు వెళ్లండి. ఉందా? అయితే 2కీ 6కీ మధ్య పోయింది. 4కి వెళ్లండి. లేదా? అయితే 2కీ 4కీ మధ్య. 3కి వెళ్లండి. ఇలా సగానికి సగం చేసుకుంటూ పోతే ఎనిమిది గంటల రికార్డింగ్‌లో తొమ్మిది సార్లు చూసేసరికి నిమిషం లోపలికి వచ్చేస్తారు. ఆ నిమిషాన్ని మామూలు స్పీడులో, ఒక్క గడిని పెద్దది చేసుకుని, నాలుగైదు సార్లు చూడండి. మొదటిసారి బండిని, రెండోసారి మనిషి చేతులను, మూడోసారి గేటు బయట ఎవరున్నారో. మీ బావమరిది చేసింది ఇదే అయ్యుంటుంది.

మొదలుపెట్టే ముందు డీవీఆర్ గడియారం మీ ఫోన్‌తో సరిపోల్చుకోండి. పదిహేను ఇరవై నిమిషాలు తేడా ఉన్నవి బోలెడు.

స్లో మోషన్‌లో చూస్తే నిజం బాగా తెలుస్తుంది కదా?

ఏ చెయ్యి ముందు లేచింది, దేనికి తగిలింది లాంటివి తెలుస్తాయి. "కావాలనే చేశాడా" అన్నదానికి మాత్రం స్లో మోషన్ మోసం చేస్తుంది. యూజీన్ కరూసో బృందం 2016లో చూపించింది: ఒకే దాడి వీడియోను నెమ్మదిగా చూసినవాళ్లు, మామూలు స్పీడులో చూసినవాళ్ల కంటే ఎక్కువగా అది ఉద్దేశపూర్వకం అన్నారు. నెమ్మదిగా నడిచే దృశ్యంలో ఆ మనిషికి ఆలోచించుకోవడానికి టైం ఉన్నట్టు అనిపిస్తుంది. అసలు టైం ఎంతో తెర మీద రాసి చూపించినా ఆ భ్రమ పూర్తిగా పోలేదు. కాలనీలో తోపులాట పంచాయితీ అయితే ముందు మామూలు స్పీడులోనే అందరికీ చూపించండి.

మొహం కొద్దిగా కనపడుతోంది. ఫొటోతో పోల్చి చెప్పేయొచ్చా?

తెలియని మొహమైతే మనం అనుకున్నంత గట్టివాళ్లం కాదు. విక్కీ బ్రూస్ బృందం 1999లో మంచి నాణ్యత ఉన్న వీడియో బొమ్మ ఒకటిచ్చి, పది ఫొటోల్లో ఆ మనిషి ఎవరో చెప్పమంది. కోణం కలిసినా, వెలుతురు బాగున్నా, దాదాపు పదికి మూడుసార్లు తప్పు. జ్ఞాపకంతో పని లేదు, రెండూ కళ్ల ముందే ఉన్నాయి.

తెలిసిన మొహమైతే కథ వేరు. అదే ఏడాది మైక్ బర్టన్ బృందం యూనివర్సిటీ భవనం సెక్యూరిటీ కెమెరాలో పడిన లెక్చరర్ల నాసిరకం క్లిప్పులు తీసుకుంది. వాళ్ల దగ్గర చదువుకున్న విద్యార్థులు ఆ మసక బొమ్మల్లో కూడా సులువుగా గుర్తుపట్టారు. తెలియని విద్యార్థులు బాగా తడబడ్డారు. పోలీసు అధికారులు ఆ తెలియని విద్యార్థుల కంటే ఏమీ మెరుగ్గా చేయలేదు. తర్వాత వీడియోలో ఒకసారి తల కనపడకుండా, ఒకసారి ఒళ్లు కనపడకుండా, ఒకసారి నడక తెలియకుండా చేసి చూశారు. తల మూసేస్తేనే గుర్తుపట్టడం బాగా పడిపోయింది. "నడక చూసి చెప్పేస్తా" అనే పెద్దమనుషులు నొచ్చుకోకపోతే ఒక మాట: మీరు చాలావరకు మొహం చూసే చెబుతున్నారు.

కాబట్టి ఫుటేజీని ఆ వీధిలో రోజూ తిరిగేవాళ్లకు చూపించండి. ఇస్త్రీ బండి ఆయన, పేపర్ కుర్రాడు, వాచ్‌మన్ భార్య. ఒక్కొక్కరికి విడిగా, ముందు ఏ పేరూ చెప్పకుండా. "ఇతను రాజు లాగా లేడూ?" అని అడిగారంటే ఆ సాక్ష్యం అక్కడితో చెడిపోయినట్టే.

పుట్టుకతోనే మొహాలు మర్చిపోని మనుషులు కొందరుంటారు. 2011 ఆగస్టు లండన్ అల్లర్ల తర్వాత పోలీసు శాఖలో ఒక అధికారి ఒక్కడే ఫుటేజీ చూసి దాదాపు 180 మందిని గుర్తించాడు. ఈ శక్తి శిక్షణతో పెద్దగా రాదు. మీ కంట్రోల్ రూమ్‌లో అలాంటివాళ్లుంటే వెతికి పట్టుకోవడమే.

జూమ్ చేస్తే నంబర్ ప్లేటు రాదా?

రికార్డు కానిది జూమ్ చేస్తే పుట్టుకురాదు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి దృశ్యంలో మీటరుకు 125 పిక్సెళ్లు, తెలియని మనిషిని నిర్ధారించడానికి 250 కావాలి. 1920 పిక్సెళ్ల వెడల్పు కెమెరాతో 15 మీటర్ల పార్కింగ్ అంతా కవర్ చేస్తే మీటరుకు 128 వస్తాయి. మీ వాళ్లయితే పోల్చుకుంటారు, కొత్తవాడైతే కష్టం. గేటు దగ్గర ఒక కెమెరాను ఇరుకుగా, ఛాతీ ఎత్తుకు కొంచెం పైన బిగించుకోవడం పైనుంచి అంతా చూసే నాలుగు కెమెరాల కంటే మేలు.

రాత్రి ఫుటేజీలో తెల్ల చొక్కా అని చెప్పొచ్చా?

వద్దు. ఇన్‌ఫ్రారెడ్ వెలుతురులో నల్లటి పాలిస్టర్ కూడా తెల్లగా కనపడొచ్చు.

ఒకే వీడియో చూసి ఇద్దరు రెండు రకాలుగా చెబుతారేం? ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నట్టే కదా?

ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. పోలీసుకూ పౌరుడికీ మధ్య ఘర్షణ వీడియోలను చూపు రికార్డు చేస్తూ చూపించిన అమెరికన్ అధ్యయనం 2014లో వచ్చింది. పోలీసులంటే తమవాళ్లు అనుకునేవాళ్లూ, అలా అనుకోనివాళ్లూ ఆ పోలీసుకు శిక్ష వేసే విషయంలో బాగా విడిపోయారు. అయితే ఆ చీలిక పోలీసు వైపే తదేకంగా చూసినవాళ్లలోనే వచ్చింది. తక్కువగా చూసినవాళ్లలో రాలేదు. ఎక్కువ చూస్తే నిష్పాక్షికత పెరుగుతుందనుకుంటాం, ఇక్కడ తిరగబడింది.

అమెరికా సుప్రీంకోర్టు 2007లో స్కాట్, హారిస్ కేసులో పారిపోతున్న కారును పోలీసు కారు వెంటాడిన వీడియోను చూసి, ఇది చూశాక ఆ డ్రైవరు జనానికి ప్రమాదకరమన్నదానిలో ఇంకో అభిప్రాయానికి తావే లేదన్నట్టు తీర్పిచ్చింది. ఒక న్యాయమూర్తి అదే వీడియో చూసి విభేదించారు. తర్వాత పరిశోధకులు దాన్ని 1,350 మందికి చూపిస్తే ఎక్కువమంది కోర్టుతో ఏకీభవించారు గానీ, నేపథ్యాన్ని బట్టి అభిప్రాయాలు గట్టిగానే చీలాయి.

కెమెరా ఎటు తిరిగి ఉందన్నదీ చూడాలి. విచారణ గదిలో కెమెరా నిందితుడి మీదే ఉంటే, చూసేవాళ్లకు అతను ఇష్టపూర్వకంగానే ఒప్పుకున్నట్టు ఎక్కువగా అనిపిస్తుందని డేనియల్ లాసిటర్ 1980ల నుంచి చేసిన ప్రయోగాలు చూపించాయి. ఇద్దరూ ఫ్రేములో ఉంటే ఆ మొగ్గు తగ్గుతుంది.

ఇప్పుడు ఏఐ కెమెరాలు వచ్చాయిగా, మనిషి చూడాల్సిన పనేముంది?

గీత దాటితే మోగడం, ఖాళీ చోట బ్యాగ్ ఉంటే మోగడం అవి బాగానే చేస్తాయి. విసుగు పుట్టదు. కానీ మోగిన ప్రతిసారీ తీర్పు చెప్పాల్సింది మనిషే. రోజుకు వంద అలారాల్లో తొంభై తొమ్మిది పిల్లి, చెట్టుకొమ్మ, వాన చినుకులు అయితే వందోది కూడా పిల్లే అనుకుని మూసేస్తాడు. పైన చెప్పిన 30 శాతం గుర్తుందిగా, అదే జబ్బు. అలారాలు తక్కువ మోగేలా సర్దుకోవడం, అప్పుడప్పుడు ఉత్తుత్తి సంఘటనలు పెట్టి ఆపరేటర్‌కు "దొరుకుతుంది" అన్న అలవాటు తప్పకుండా చూడడం కొంత పనిచేస్తాయి.

పోలీసులకు ఇవ్వాలంటే ఏం చేయాలి?

త్వరగా చేయాలి, డీవీఆర్ పాతదాని మీద కొత్తది రాసేస్తుంది. జనం ఎక్కువగా వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డింగ్ ఉంచాలని 2013 నాటి ప్రజా భద్రత చట్టం చెబుతుంది, అది రెండు తెలుగు రాష్ట్రాల విభజనకు ముందే వచ్చింది. కాపీ చేసిన ఫుటేజీ కోర్టులో నిలవాలంటే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే కోడ్) సహా, జతచేయాలి. తెర మీద ప్లే అవుతుంటే ఫోన్‌తో తీసిన వీడియోను నమ్ముకోకండి. సంఘటన నిమిషమే కాకుండా ముందూ వెనకా కనీసం గంట ఇవ్వండి. దర్యాప్తు చేసేవాళ్ల ప్రశ్న మీ ప్రశ్న కాకపోవచ్చు, దొంగ ముందే వచ్చి చోటు చూసిపోయాడా (రెక్కీ) అని వాళ్లు వెతుకుతుండొచ్చు.

ఈలోగా ఆ క్లిప్ కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చా?

పెట్టకండి. మొదట చూసిన ఆయన "ఫలానా వాళ్ల పనివాడిలా ఉన్నాడు" అంటాడు, తర్వాత చూసే రెండు వందల మందికీ వాడే కనపడతాడు. స్టేషన్‌లో ఇచ్చేసి, రసీదు తీసుకుని, ఒరిజినల్ హార్డ్ డిస్క్ ఎవరూ ముట్టుకోకుండా చూసుకోండి.